తొమ్మిదో పాదం

నాగర్‌కర్నూల్‌లో కొన్నేళ్ళు, వనపర్తిలో కొన్నేళ్ళు, ఇప్పుడు గద్వాలలో. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం నన్ను ఎన్ని ఊళ్ళు తిప్పినా ఒక పద్యం మాత్రం నా వెంటే వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో ఒక ఇంగ్లిష్ కవి ఒక పాత నగరాన్ని పొగుడుతూ రాసిన పద్యం అది. కవి పేరూ చెప్పను, నగరం పేరూ చెప్పను. చెప్తే మీరు వెతుక్కుని చదువుతారు, చదివి నాకంటే బాగా అర్థం చేసుకుంటారు. అంత మంచితనం నాకు లేదు.

సిలబస్ మారినప్పుడల్లా ఈసారైనా దాన్ని తీసేస్తారని ఆశపడతాను. ఏవేవో తీసేస్తారు, దాన్ని మాత్రం ముట్టుకోరు. డిగ్రీ పిల్లలకు దాని మీద వచ్చే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: ఈ పద్యం నిర్మాణాన్నీ ఇందులోని పదచిత్రాలనూ వివరించండి.

మా పిల్లలు ఆ ప్రశ్నకు రాసే జవాబులు చదవాలి మీరు. తెలుగు పేపర్‌లో వాళ్ళకు పురవర్ణన ఉంటుంది. ప్రబంధ కవులు కథ మొదలుపెట్టే ముందు ఊరిని వర్ణిస్తారు కదా. కోటగోడ ఆకాశానికి తగులుతుంది, అగడ్త పాతాళం దాకా దిగుతుంది, మేడలు చంద్రుణ్ణి గీరుకుంటాయి, వీధుల్లో ఏనుగులు, గుర్రాలు, పూలమ్మే ఆడవాళ్ళు. పిల్లలకు అదంతా నోటికి వచ్చు. నగరాన్ని పొగడటమంటే అంతే కదా అనుకుని ఇంగ్లిష్ పేపర్‌లో కూడా అదే దింపేస్తారు. ఒకసారి ఒక అమ్మాయి ఆ ఇంగ్లిష్ నగరపు వీధుల్లో ఏనుగులు మదజలం కారుస్తూ తిరుగుతున్నాయని రాసింది. మంచు కురిసే ఊళ్ళో ఏనుగు ఎట్లా బతుకుతుందమ్మా అని పిలిచి అడిగాను.

"రాజులు ఉంటరు గద మేడం. రాజులుంటె ఏనుగులు గూడ ఉంటయ్," అంది ఏమాత్రం తొణక్కుండా.

నవ్వాపుకోలేక చచ్చాను. గద్వాల కోట పక్కన పుట్టిన పిల్ల మరి, రాజు లేని నగరం ఆమె ఊహకు అందలేదు.

నిజానికి సీసపద్యం తెలిసిన పిల్లలకు ఈ పద్యం నిర్మాణం చెప్పడం పెద్ద కష్టం కాదు. సీసంలో నాలుగు పెద్ద పాదాలు ఒకే ఊపులో సాగిపోయి, చివర ఎత్తుగీతి దగ్గర నడక మారుతుంది. ఇందులో కూడా అటువంటిదే ఉంది. మొత్తం పద్నాలుగు పాదాలు. ముందు ఎనిమిది ఒక ముక్క, తర్వాత ఆరు ఇంకొక ముక్క. తొమ్మిదో పాదం దగ్గర కవి మాట మలుపు తిరుగుతుంది. ప్రాస మనకు రెండో అక్షరం దగ్గర ఉంటుంది, వాళ్ళకు పాదం చివర ఉంటుంది. మొదటి పాదం చివరి మోత నాలుగో పాదం చివర మళ్ళీ వినిపిస్తుంది, ఆ రెంటి మధ్య రెండో పాదమూ మూడో పాదమూ తమలో తాము ప్రాస కలుపుకుంటాయి. బస్సు సీట్లో కిటికీ పక్కన ఒక పెద్ద మనిషి, ఇవతల పక్కన ఇంకో పెద్ద మనిషి కూర్చుని పిల్లలిద్దర్నీ మధ్యలో ఇరికించుకున్నట్టు అని చెప్తాను. ఈ ఒక్క మాట మాత్రం పరీక్షలో అందరూ తప్పులేకుండా రాస్తారు.

ఇక పదచిత్రాలు. తెల్లవారి పొగమంచు. అందులోంచి ముందు కొనలు, తర్వాత కిందిభాగం తేలివచ్చే రాతి శిఖరాలు. నది మీదికి దిగే గంటల మోత. నీళ్ళలో వణికే దీపాలు. ఎనిమిది పాదాల్లో మనిషన్నవాడు ఒక్కడు కనిపించడు. నగరమే మనిషైపోతుంది. తల నెరిసిన తల్లి, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని తాను నిద్రపోని తల్లి. తొమ్మిదో పాదంలో మొదటిసారి 'నేను' అనే మాట వస్తుంది. ఆ నేను ఎక్కడో దూరంగా, పొగగొట్టాల ఊళ్ళో ఉన్నాడు. తల్లీ, ఇక్కడినుంచి నిన్ను తలుచుకుంటున్నాను అంటాడు.

నగరాన్ని పట్టుకుని తల్లి అనడం, అదే నాకు ఒళ్ళుమంట. అందుకో కారణం ఉంది.

మాది గద్వాల దగ్గర నడిగడ్డ పల్లె. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నేల కాబట్టి నడిగడ్డ. రెండు వైపులా నదులు పారుతున్నా మా ఊరి చేలకు అప్పట్లో వానే దిక్కు. మాకు ఆ చేలు కూడా లేవు, ఇంకొకరి చేలల్లో పని. దీపావళి దాటి ఊళ్ళో పనులు అయిపోగానే అమ్మా నాన్నా కూలి గుంపుతో బొంబాయి పోయేవాళ్ళు. మళ్ళీ తొలకరికే రావడం. నన్ను అవ్వ దగ్గర, అంటే మా అమ్మమ్మ దగ్గర, వదిలేవాళ్ళు. చెప్పి పోతే ఏడుస్తానని చెప్పకుండా పోయేవాళ్ళు. పొద్దున లేచి చూస్తే అమ్మ పడుకునే చోట చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉండేది.

బొంబాయిని నేను చూడలేదు. చూడకుండానే దాన్ని అసహ్యించుకున్నాను. నా మనసులో ఆ ఊరికి మేడలూ సముద్రమూ ఏవీ లేవు, అమ్మ నెత్తి మీద మట్టితట్ట ఒకటే ఉంది. ఆ తట్ట కింద ఆమె మెడ వంగిపోయి ఉంటుంది, ఆమె ఎప్పుడూ నన్ను తలుచుకుని ఏడుస్తూ ఉంటుంది. ఆ బొమ్మ మీదే నేను చదువుకున్నాను. హాస్టల్లో తిండి సహించనప్పుడు ఆ బొమ్మనే తలుచుకున్నాను. వక్తృత్వ పోటీల్లో మా అమ్మ కష్టం అని మొదలుపెట్టి అందరి కళ్ళలో నీళ్ళు తెప్పించి బహుమతులు తెచ్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక అమ్మను పనికి పోనివ్వలేదు. నాన్న చనిపోయి చాలా ఏళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడగొద్దు, అడిగిన చుట్టాలందరితో ఇదివరకే మాటలు పోయాయి. ఇంట్లో నేనూ అమ్మా, అంతే. ఆమె పడిన కష్టాన్ని నేను తీర్చేశానన్న గర్వం నాకు చాలా ఉండేది.

ఆ గర్వం పోయిన రోజు ఒక ఆదివారం. ఎండాకాలం మొదలైంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, క్లాసుకు రాని పిల్లల కోసం పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి పంపడం ఇప్పుడు మా అందరికీ అలవాటైన పని. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి, ఇంగ్లిష్ రాని పిల్లలకు కూడా అర్థం కావాలని పాదం పాదానికీ తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. అమ్మ వెనక గోడకు ఆనుకుని పల్లీలు ఒలుస్తోంది. పొగమంచు అయిపోయింది, శిఖరాలు అయిపోయాయి, గంటల దగ్గరికి వచ్చాను.

"గా ఊళ్లె గడియారం గోపురం గూడ ఉండెనా?" అంది అమ్మ.

"అమ్మా, రికార్డు అవుతున్నది."

"కానియ్యి. మంచుల ముందుగాల కొన గనపడుతది. జరసేపటికి గడియారం గనపడుతది. ఎండ ఎక్కినంక గని కింది రాళ్లు గనపడయ్. గట్లనే గద?"

నేను ఫోను ఆపేశాను. "నీకెట్ల తెలుసు?"

"బొంబాయిల సూసిన గద! మేము తవ్వే తొవ్వ పక్కపొంటే ఉండె. ఇంగ్లీషోళ్లు కట్టిన రాతి మ్యాడ. మేము కేబులు కోసరం కాలువ తవ్వుతుంటిమి. పొద్దుగాల్నే పోతె సముద్రం దిక్కుకెల్లి మంచు కమ్ముకుని ఏం గనపడకపోయేది. గంట మాత్రం మోగేది. ఎవలో పైకెల్లి మనల్ని పిలిసినట్టే ఉండేది బిడ్డా."

ఆమె చేతిలో పల్లీకాయ అట్లాగే ఉండిపోయింది. నేను ఆమె మొహం చూశాను. పుట్టింటి సంగతులు చెప్పేటప్పుడు ఆడవాళ్ళ మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఇన్నేళ్ళలో ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆయన మళ్ల పోయిండా గా ఊరికి?" అని అడిగింది.

"ఎవరు?"

"గదే, నీ కవి."

"పద్యంలో అది లేదమ్మా."

"పాపం, పోనీకె కుదరలేదేమో," అని మళ్ళీ పల్లీలు ఒలవడంలో పడింది.

ఆ రికార్డింగును అట్లాగే పంపించేశాను, మళ్ళీ చెప్పే ఓపిక లేక. పిల్లలు అందులో మా అమ్మ మాటలు విని తెగ సంబరపడ్డారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ రోజునుంచీ మనసు మనసులో లేదు. ఎందుకంటే అమ్మ అక్కడితో ఆగలేదు. ఒక్కసారి నోరు తెరిచాక ఇక బొంబాయి తప్ప ఇంకో మాట లేదు. బువ్వ తింటుంటే బొంబాయి, బట్టలు మడతపెడుతుంటే బొంబాయి.

పని లేని రోజు, కూలివాళ్ళు ఉండే రేకుల షెడ్డులో ఆడవాళ్ళంతా కలిసి సముద్రం దగ్గరికి పోయేవాళ్ళట. చీరలు మోకాళ్ళ దాకా ఎత్తుకుని అలల్లో నిలబడి, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే కేకలు పెట్టేవాళ్ళట. సాయంత్రం పూలమ్మే మరాఠీ ఆమె అమ్ముడుపోని మల్లెపూలు వీళ్ళకు ఇచ్చేసేదట, మట్టి కొట్టుకున్న కొప్పుల్లోనే వాటిని తురుముకునేవాళ్ళట. వీధిదీపాలు వెలిగే వేళకు, ఏ పనీ లేకున్నా, ఆ రాతి మేడల ముందునుంచి ఒక చుట్టు తిరిగి వచ్చేవాళ్ళట. మే నెల ఆఖరులో వాన పడి వెలిసిన నేల మీద ఆ దీపాలు పొడుగ్గా సాగి కనిపించడం ఆమెకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నాన్న ఒకసారి ఆకుపచ్చ గాజులు కొనిచ్చి, తానే తొడిగాడట. నాన్న గాజులు తొడగడం! మా ఇంట్లో ఆయన అమ్మను పేరు పెట్టి పిలిచింది కూడా నేను వినలేదు.

కష్టం లేదని ఆమె అనలేదు. చేతుల్లో పొక్కులు చితికిన సంగతి, గాలివానకు షెడ్డు మీది రేకులు లేచిపోయిన సంగతి, మేస్త్రీ నోటి దురుసు, అన్నీ చెప్పింది. కానీ అవి ఆమె కథల్లో ఒక పక్కన ఉండేవి, ఎంతసేపూ ముందుకొచ్చేది నవ్వులే. చెప్తూ చెప్తూ కళ్ళలో నీళ్ళు వచ్చేటంత నవ్వేది.

అమ్మ సుఖపడిందని తెలిస్తే కూతురు సంతోషించాలి కదా. నాకు కడుపు మండిపోయింది. నేను అవ్వ పక్కన పడుకుని అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చిన ఆ సాయంత్రాల్లో ఈమె మల్లెపూలు పెట్టుకుని దీపాలు చూడటానికి పోయింది. అంతకంటే నన్ను గుచ్చింది ఇంకొకటి. ఆ కథల్లో నేను ఎక్కడా లేను. సముద్రం ఉంది, గడియారం ఉంది, పూలమ్మే ఆమె ఉంది, షెడ్డు వెనక తిరిగే కుంటికుక్క కూడా ఉంది. నా మాట ఒక్కటి లేదు. నా బిడ్డ ఈడ ఉంటే బాగుండు అని ఒక్కసారి అనుకున్నానని కూడా ఆమె చెప్పలేదు. నేను కాచుకుని కాచుకుని విన్నాను, ఎక్కడైనా వస్తుందేమోనని.

అప్పుడే కంటి డాక్టరు ఆ మాట చెప్పాడు. అమ్మకు నీటికాసులు, అంటే గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పక్కలనుంచి తగ్గుతూ వస్తుంది, చుక్కల మందు వేస్తూ కాపాడుకోవాలి, ఎంతకాలం ఉంటుందో చెప్పలేను అన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక అమ్మ అంది.

"సూపు ఉండంగనే ఒక్కపారి బొంబాయి సూపియ్యే."

నాకు అన్నాళ్ళనుంచి పట్టి ఉంచిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. "ఏమున్నదే నీకు ఆడ? తట్టలు మోసిన జాగ. మళ్ల పోయి ఏం సూస్తవు?"

"నా వయసు ఉన్నది ఆడ," అంది.

"నేను ఈడ ఉంటిని! గది యాదికి ఉన్నదా నీకు?"

అమ్మ నా వైపు చూసింది. చేతి సంచీలోంచి మందు సీసా తీసి అలమరలో పెట్టి, పోయి పడుకుంది. నేను తలుపు దడాలున వేసుకుని నా గదిలో కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె బొంబాయి పేరు ఎత్తలేదు. ఒక్క బొంబాయి పేరే కాదు, అడిగినదానికి జవాబు తప్ప ఇంకేమీ మాట్లాడటం మానేసింది. నేను అనుకున్నది జరిగింది, ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే ఉంది. కానీ అన్నం దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఫ్యాను చప్పుడే వినబడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

పరీక్షల ముందు ఆఖరి క్లాసుల్లో ఆ పద్యం ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. ఎనిమిది పాదాలు ఎప్పటిలాగే చెప్పుకుపోయాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"మేడం, ఇందుల మనుషులు ఎందుకు లేరు? అంత పెద్ద ఊళ్లె ఆయనకు తెలిసినోళ్లు ఒక్కలు గూడ లేరా?"

రాయి శాశ్వతం, మనిషి అశాశ్వతం, అందుకని కవి రాతినే చూపించాడు అని నోట్సులో ఉన్న మాట చెప్పాను. పిల్ల రాసుకుని కూర్చుంది. నేను తొమ్మిదో పాదం చదివి, అక్కడ ఆగిపోయాను.

ఇన్నేళ్ళూ నేను పిల్లలకు చెప్పింది ఏమిటంటే, ముందు నగరం పొగడ్త, తర్వాత కవి ప్రేమ. ఆ రోజు పుస్తకం చేతిలో పెట్టుకుని నిలబడితే అది తప్పనిపించింది. 'నేను' దూరంలో ఉన్నానని తొమ్మిదో పాదంలో చెప్పాక, వెనక్కి తిరిగి చూస్తే, ఆ పొగమంచూ ఆ గంటలూ ఆ దీపాలూ ఏవీ కవి కళ్ళ ముందు లేవు. ఎనిమిది పాదాలు ఆయన చూసి చెప్పింది కాదు, తలుచుకుని చెప్పింది. మన పురవర్ణన కవి ఊళ్ళోనే ఉంటాడు, రాజు ఎదురుగా కూర్చుంటాడు, ఊరిని పొగిడితే శాలువా కప్పుతారు. ఈయనకు ఎవరూ ఏమీ ఇవ్వరు. మళ్ళీ పోలేనివాడు కాబట్టే అంత అందంగా చెప్తున్నాడు. అమ్మ ఒక్కసారి విని అడిగిన మాట అదే. ఆయన మళ్ల పోయిండా అని.

క్లాసులో అందరూ నా వంక చూస్తున్నారు. మిగిలిన ఆరు పాదాలు రేపు చెప్తానని పంపించేశాను.

స్టాఫ్ రూములో కూర్చుని ఆలోచించాను. చూపు పోయాక అమ్మకు మిగిలేవి ఆ తలపులే. ఇన్నేళ్ళు వాటిని ఆమె బయటపెట్టకపోవడానికి కారణం నేనే అయి ఉండాలి. నేను ఆమె కష్టం గురించి అంత గట్టిగా, అంతమంది ముందు చెప్పుకుంటూ తిరుగుతుంటే, బిడ్డా నేను అక్కడ నవ్వాను అని ఆమె ఎట్లా చెప్తుంది? ఇప్పుడు చెప్పబోతే నోరు మూయించాను. కోపం పోయిందని అనను. ఆ కథల్లో నేను లేనన్న బాధ అట్లాగే ఉంది. బాధ ఉండగానే ఫోను తీసి రాయచూరు నుంచి బొంబాయికి రెండు టికెట్లు తీశాను. సెలవులు ఇచ్చిన వారంలోనే.

అమ్మకు చెప్తే, "నిజంగనా?" అని ఒక్క మాట అంది. తర్వాత వారమంతా పెట్టె సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది. పోవలసిన రోజు పొద్దున్నే తలంటుకుని, నేను ఎప్పుడో కొనిచ్చి ఆమె ఎన్నడూ మడత విప్పని గద్వాల చీర కట్టుకుంది. రైల్లో నలిగిపోతుందే అంటే వినలేదు. రాయచూరులో మధ్యాహ్నం రైలెక్కాం. కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చాను. ఎడమ పక్క చూపు బాగా తగ్గింది కాబట్టి తల మొత్తం అటు తిప్పి చూస్తోంది. ఇద్దరి మధ్యా ఇంకా మాటలు సరిగా కలవలేదు.

రాయచూరు దాటి కొంచెం దూరం పోతే కృష్ణ మీద రైలు వంతెన వస్తుంది. రైలు చప్పుడు మారగానే అమ్మ నిటారుగా కూర్చుంది. సంచీలోంచి చిల్లర తీసి కిటికీ ఊచల్లోంచి నీళ్ళలోకి వేసింది. దండం పెట్టుకుంది. తర్వాత కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది, చెమటా లేదు, కన్నీళ్ళూ లేవు.

"ఏమైందమ్మా?"

"ఏం గాలే. అలవాటు," అంది. కొంచెంసేపు నీళ్ళ వైపు చూసి, "ఈడిదాకనే ఏడ్వాలె," అంది.

"ఏంది?"

"మా గుంపు కట్టుబాటు గది. రాయచూర్ల రైలెక్కినకాంచి ఆడోళ్లమంత ఏడుస్తుంటిమి. పండుకున్న పిల్లల్ని ఇడిసిపెట్టి వస్తుంటిమి గద. బ్రిడ్జి రాంగనే గుంపుల పెద్దామె లేసి, ఇగ చాలు, ముక్కులు చీదుకోండ్రి అనేది. క్రిష్ణమ్మల చిల్లర ఏసి, మొకాలు తుడుసుకుని, తలా ఇంత ఆకువక్క నములుతుంటిమి. బ్రిడ్జి దాటినమా, ఇగ మళ్ల వాపసు వచ్చేదాక ఎవ్వలు పిల్లల పేరు ఎత్తొద్దు."

"ఎందుకు?"

"ఒక్కతి ఎత్తితే షెడ్డంత ఏడ్సేది. ఏడ్సి ఏడ్సి తెల్లారి ఒక్కలకు తట్ట లేవకపోయేది. గందుకే ఎత్తొద్దని. పిల్లలు తప్ప ఇంకేమన్న మాట్లాడుకోండ్రి, నవ్వుకోండ్రి, తిట్టుకోండ్రి, పాటలు పాడుకోండ్రి. గా పేర్లు మాత్రం వద్దు."

ఆమె చెప్పిన సముద్రం, గడియారం, దీపాలు, కుంటికుక్క, వాటి మధ్య నా మాట ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. మనవరాళ్ళను ఎత్తుకునే వయసు వచ్చినా ఆ కట్టుబాటు ఆమె నాలుక మీదినుంచి పోలేదు. బొంబాయి అనగానే నా పేరు దానంతటదే లోపల ఆగిపోతోంది.

"మరి ఎవరన్న ఎత్తితే?" అన్నాను.

"ఎత్తినామె ఆ పొద్దు అందరి బోళ్లు తోమాలె. గదే శిచ్చ. గుంపంత తిన్న బోళ్లు, మాడిన గంజులు, అన్ని."

అమ్మ నవ్వింది. కింద కృష్ణలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, బండల మధ్య పాయలుగా పారుతున్నాయి. అడగాలనీ ఉంది, అడిగితే ఏం చెప్తుందోననీ భయంగా ఉంది.

"నువ్వు ఎన్నడన్న తోమినవా అమ్మా?"

ఆమె తల పూర్తిగా నా వైపు తిప్పింది, నా మొహం సరిగా కనిపించేదాకా.

"షెడ్డుల నా పేరు ఎవ్వలకు తెల్వదు బిడ్డా," అంది. "బోళ్లామె అనే పిలుస్తుండిరి నన్ను."

బ్రిడ్జి దాటిపోయింది. నేను ఏడుపు ఆపుకోలేదు, అమ్మ ఆపమనలేదు.